సిమ్యులేషన్‌లో 72 శాతం, బోర్డు మీద 44: ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: ఎంటెక్ చేసి రెండేళ్ల క్రితం ఉద్యోగంలో చేరాను. చిన్న బేస్ స్టేషన్ కోసం 3.5 గిగాహెర్ట్జ్ పవర్ ఆంప్లిఫయర్ డిజైన్ నాకు అప్పగించారు. 28 వోల్టుల మీద నడిచే 10 వాట్ల గాలియం నైట్రైడ్ ట్రాన్సిస్టర్ తీసుకుని, పేపర్లు చదివి క్లాస్ ఎఫ్‌లో (సిగ్నల్ ఫ్రీక్వెన్సీకి రెండింతలు, మూడింతల దగ్గర పుట్టే హార్మోనిక్‌లను అదుపు చేసి ఎఫిషియెన్సీ పెంచే పద్ధతి) చేశాను. సిమ్యులేషన్‌లో డ్రెయిన్ ఎఫిషియెన్సీ, అంటే సప్లై నుంచి తీసుకున్న పవర్‌లో అవుట్‌పుట్‌గా వచ్చే వంతు, 72 శాతం వచ్చింది. బోర్డు మీద మాత్రం 6 వాట్లు, 44 శాతం దాటడం లేదు. ఒక్కోసారి ఇన్‌పుట్ ఏమీ ఇవ్వకపోయినా డ్రెయిన్ కరెంట్ ఉన్నట్టుండి పెరిగిపోతోంది. క్యారియర్ ఇస్తే దానికి రెండు వైపులా 200 మెగాహెర్ట్జ్ దూరంలో గీతలు కనిపిస్తున్నాయి. 5జీలో వాడే ఓఎఫ్‌డీఎమ్ సిగ్నల్ ఇస్తే ఎఫిషియెన్సీ 18 శాతమే, ఏసీఎల్ఆర్ (పక్క చానల్‌లోకి చిందే పవర్ అసలు సిగ్నల్ కంటే ఎంత తక్కువో చెప్పే అంకె) 28 డీబీ. అవుట్‌పుట్ వైపు ఎస్22 (అక్కడికి పంపిన సిగ్నల్‌లో వెనక్కి తిరిగొచ్చేది) మైనస్ 6 డీబీ. మధ్యలో ఒక ట్రాన్సిస్టర్ కాలిపోయింది. మా మేనేజర్ దీన్ని వదిలేసి డోహర్టీ (రెండు ఆంప్లిఫయర్లను కలిపి వాడే పద్ధతి) చేయమంటున్నారు. నేను సిమ్యులేటర్‌ను నమ్మడమే తప్పా? ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: బయాస్ లైన్ల దగ్గర, అంటే ట్రాన్సిస్టర్‌కు డీసీ సప్లై తెచ్చే దారుల దగ్గర, మొదలుపెట్టండి. మీరు రాసినవాటిలో అసలు జబ్బు ఆ 200 మెగాహెర్ట్జ్ గీతలే. అది తగ్గేదాకా మిగతా కొలతల్లో ఏ ఒక్కదాన్నీ నమ్మలేం. ఆంప్లిఫయర్ ఒకవైపు ఆసిలేట్ అవుతుంటే, అంటే ఇన్‌పుట్‌తో పనిలేకుండా తనంతట తానే సిగ్నల్ పుట్టిస్తుంటే, సప్లై నుంచి తీసుకున్న పవర్‌లో కొంత ఆ ఆసిలేషన్‌కే పోతుంది. అప్పుడు 44 శాతం అన్న అంకె దేన్ని కొలిచిందో కూడా చెప్పలేం.

దానికంటే ముందు, మీరు టెన్షన్ పడనక్కర్లేని రెండు విషయాలు తీసేద్దాం.

మొదటిది ఎస్22. పవర్ ఆంప్లిఫయర్ అవుట్‌పుట్‌ను కాంజుగేట్ మ్యాచ్ (సిగ్నల్ వెనక్కి తిరగకుండా ఇంపెడెన్స్ కలపడం) చేయరు. ట్రాన్సిస్టర్ ఇవ్వగల వోల్టేజ్, కరెంట్ రెండూ పూర్తిగా వాడుకునే లోడ్‌ను దానికి చూపిస్తారు. మీ డివైస్‌కు లెక్క ఇది: 28 వోల్టుల్లో knee వోల్టేజ్ (ట్రాన్సిస్టర్ ఇంతకంటే కిందికి ఊగలేని హద్దు) 4 పోతే 24 మిగులుతుంది. 24ను వర్గం చేసి, 10 వాట్లకు రెట్టింపైన 20తో భాగిస్తే 28.8 ఓములు. ట్రాన్సిస్టర్ లోపల కరెంట్ సోర్స్ దగ్గర కనిపించాల్సిన లోడ్ అదే. చిన్న సిగ్నల్‌కు ట్రాన్సిస్టర్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్ వేరే ఉంటుంది కాబట్టి ఎస్22 బాగుండదు. మైనస్ 6 రావడం మామూలే. దాన్ని బాగుచేయబోయి పవర్ పోగొట్టుకోకండి.

రెండోది 18 శాతం. మీ సిగ్నల్ పీక్‌కూ సగటుకూ తేడా ఎంతో మీరు రాయలేదు, 8 డీబీ అనుకుందాం. క్లాస్ బి తరహా ఆంప్లిఫయర్‌లో అవుట్‌పుట్ వోల్టేజ్ తగ్గినంత నిష్పత్తిలోనే సప్లై కరెంటూ తగ్గుతుంది. సప్లై వోల్టేజ్ మాత్రం 28 దగ్గరే ఉండిపోతుంది. అందుకని ఎఫిషియెన్సీ సిగ్నల్ యాంప్లిట్యూడ్‌తో పాటు పడుతుంది. 8 డీబీ కిందికి వస్తే యాంప్లిట్యూడ్ 0.4 అవుతుంది. 44లో 0.4 వంతు దాదాపు 18. మీ బోర్డు ఆ మేరకు లెక్క ప్రకారమే నడుస్తోంది. ఇదే లెక్క మీ సిమ్యులేషన్‌కు వేసి చూడండి: 72 శాతం నిజంగా వచ్చి ఉన్నా ఓఎఫ్‌డీఎమ్ సగటు దగ్గర 29 శాతమే వచ్చేది. పేపర్లలో మొదటి పేజీలో మెరిసే ఎఫిషియెన్సీ చాలాసార్లు ఒకే టోన్ పెట్టి, పూర్తి పవర్ దగ్గర కొలిచింది. బేస్ స్టేషన్ ఆ చోట గడిపే సమయం చాలా తక్కువ. క్లాస్ ఎఫ్ ఎంచుకోవడంలో మీకు జరిగిన నష్టం ఇదే. అక్కరకు రాని చోట శాతాల కోసం కష్టపడ్డారు.

ఇక ఆసిలేషన్. ఫ్రీక్వెన్సీ తగ్గేకొద్దీ ట్రాన్సిస్టర్ గెయిన్ పెరుగుతుంది. 3.5 గిగాహెర్ట్జ్ దగ్గర ఇచ్చే గెయిన్ కంటే 200 మెగాహెర్ట్జ్ దగ్గర మీ డివైస్ 10 డీబీకి పైగా ఎక్కువే ఇవ్వగలదు. అక్కడ మీ మ్యాచింగ్ నెట్‌వర్క్ (ట్రాన్సిస్టర్‌కు సరైన లోడ్ చూపించే సర్క్యూట్) ఏమీ చేయదు, క్వార్టర్ వేవ్ బయాస్ లైన్ చిన్న ఇండక్టర్‌లా మిగులుతుంది. కాబట్టి ట్రాన్సిస్టర్‌కు అక్కడ కనిపించేది దాదాపు బయాస్ నెట్‌వర్క్ ఒక్కటే. మనం స్కీమాటిక్‌లో కెపాసిటర్లు వరుసగా గీసేసి 'డీకప్లింగ్ అయిపోయింది' అనుకునే చోటు కూడా అదే.

మీ స్కీమాటిక్ నా ముందు లేదు గానీ, సాధారణంగా జరిగేది ఒక ఉదాహరణగా చెబుతాను. డ్రెయిన్ బయాస్ లైన్ మీద 100 పీకోఫారడ్ కెపాసిటర్ ఉంది, కొంచెం దూరంలో 1 మైక్రోఫారడ్ ఉంది అనుకోండి. మధ్యలో ట్రాక్, ఆ పెద్ద కెపాసిటర్ సొంత ఇండక్టెన్స్ కలిపి 6 నానోహెన్రీలు అయ్యాయనుకోండి. సెంటీమీటరు ట్రాక్ ఉంటే చాలు, అంతవరకూ వచ్చేస్తుంది. 200 మెగాహెర్ట్జ్ దగ్గర 1 మైక్రోఫారడ్ షార్ట్ కిందే లెక్క కాబట్టి, ఆ 6 నానోహెన్రీలు, 100 పీకోఫారడ్ పక్కపక్కన సమాంతరంగా ఉన్నట్టు. వాటి రెజొనెన్స్ 205 మెగాహెర్ట్జ్. సప్లై వైపు ఇంపెడెన్స్ సున్నాకు దగ్గరగా ఉండాల్సిన చోట ఆకాశానికి లేస్తుంది. సిరామిక్ కెపాసిటర్లలో నష్టం తక్కువ కాబట్టి దాన్ని అణిచేది ఏదీ ఉండదు. మంచి కెపాసిటర్లు వాడినందుకు మొదటికే మోసం వచ్చే సందర్భం ఇది.

దీనికి మందు కూడా ఆ లెక్కలోనే ఉంది. 6 నానోహెన్రీలను 100 పీకోఫారడ్‌తో భాగించి వర్గమూలం తీస్తే దాదాపు 8 ఓములు. 5 నుంచి 10 ఓముల రెసిస్టర్‌తో సీరీస్‌లో ఒక 10 నానోఫారడ్ కెపాసిటర్ పెట్టి, ఆ జంటను 100 పీకోఫారడ్‌కు ఆనుకుని గ్రౌండ్‌కు కట్టండి. డీసీ కరెంట్ ఆ రెసిస్టర్ గుండా వెళ్లదు కాబట్టి ఎఫిషియెన్సీ పోదు. 3.5 గిగాహెర్ట్జ్ దగ్గర దాని ముందున్న చిన్న కెపాసిటరే పని చూసుకుంటుంది.

గేట్ వైపు కూడా వదలకండి. గేట్ బయాస్‌ను ఉత్త చోక్ గుండా కాకుండా 50, 100 ఓముల రెసిస్టర్ గుండా ఇవ్వండి. గేట్‌లోకి పోయే డీసీ కరెంట్ స్వల్పమే కాబట్టి అక్కడ వోల్టేజ్ పెద్దగా పడదు, అయినా పూర్తి డ్రైవ్ దగ్గర గేట్ కరెంట్ ఎంతో డేటాషీట్‌లో చూసుకోండి. సిగ్నల్ దారిలో, గేట్‌కు సరిగ్గా ముందు, రెసిస్టర్‌నూ కొన్ని పీకోఫారడ్ల కెపాసిటర్‌నూ సమాంతరంగా పెట్టండి. 3.5 దగ్గర సిగ్నల్ కెపాసిటర్ గుండా సులువుగా పోతుంది, కింది ఫ్రీక్వెన్సీల్లో రెసిస్టర్ అడ్డుపడుతుంది. దీనివల్ల అర డీబీ గెయిన్ పోయినా పోనివ్వండి. నా లెక్కలో అది అన్నిటికంటే చవకైన బేరం.

మీది గేట్ వైపు లూపా, డ్రెయిన్ వైపు లూపా అన్నది ఎలా తెలుస్తుంది? పవర్ ఆపి, అనుమానం ఉన్న చోట ఒక కెపాసిటర్ అదనంగా సోల్డర్ చేసి, మళ్లీ ఆన్ చేసి చూడండి. గీతలు 200 నుంచి కిందికి జరిగితే లూపు అదే. జరగకపోతే రెండో వైపు వెతకాలి. డ్రెయిన్ వోల్టేజ్ తగ్గించి, సప్లైలో కరెంట్ లిమిట్ బిగించి చేయండి.

సిమ్యులేషన్‌లో స్టెబిలిటీ చూశాననే అంటారు మీరు. ఎంతవరకు చూశారు? 3 నుంచి 4 గిగాహెర్ట్జ్ మధ్య కే ఫ్యాక్టర్ (ఆసిలేట్ కాకుండా నిలుస్తుందో లేదో చెప్పే అంకె) ఒకటి దాటితే సరిపోదు. 10 మెగాహెర్ట్జ్ నుంచి ట్రాన్సిస్టర్ గెయిన్ చచ్చిపోయే దాకా చూడాలి, అదీ అసలు బయాస్ నెట్‌వర్క్, అసలు కెపాసిటర్ మోడళ్లు పెట్టి. రోలెట్ 1962లో ఇచ్చిన ఆ కే ఫ్యాక్టర్‌తో పాటు డెల్టా (ఎస్ పారామీటర్ల డిటర్మినెంట్) పరిమాణం కూడా ఒకటి కంటే తక్కువ ఉండాలి. రెండు షరతులు గుర్తుపెట్టుకోవడం చిరాకైతే 1992లో వచ్చిన మ్యూ ఫ్యాక్టర్ చూడండి, ఒక్క అంకెతో తేలిపోతుంది. ఏదైనా సరే, ఇవి చిన్న సిగ్నల్ పరీక్షలు. డ్రైవ్ పెంచినప్పుడు సగం ఫ్రీక్వెన్సీ దగ్గర, అంటే మీకు 1.75 గిగాహెర్ట్జ్ దగ్గర, మొలిచే ఆసిలేషన్‌ను ఇవి పట్టుకోలేవు. దానికి బోర్డు మీద డ్రైవ్‌ను మెల్లగా పెంచుతూ స్పెక్ట్రమ్ ఎనలైజర్‌ను వెడల్పుగా తెరిచి చూడటమే దారి. చాలామంది 3.5 చుట్టూ 100 మెగాహెర్ట్జ్ కిటికీ తెరిచి అంతా బాగుందనుకుంటారు.

కాలిపోయిన ట్రాన్సిస్టర్ ఈ ఆసిలేషన్ వల్లే పోయి ఉండొచ్చు. ఆన్ చేసే క్రమం వల్ల కూడా పోయి ఉండొచ్చు. మీరు వాడే రకం గాలియం నైట్రైడ్ డివైస్ గేట్‌కు సున్నా వోల్టులు ఉంటే పూర్తిగా తెరుచుకుని ఉంటుంది. ముందు గేట్‌కు నెగెటివ్ వోల్టేజ్ ఇచ్చి మూయాలి, తర్వాత డ్రెయిన్, ఆ తర్వాత గేట్‌ను మెల్లగా పైకి తెచ్చి ఐడిల్ కరెంట్ (సిగ్నల్ లేనప్పుడు పోయే కరెంట్) సెట్ చేయాలి, చివరికి ఆర్ఎఫ్. ఆపేటప్పుడు తిరగేసి. ఇక్కడ చాలామంది పప్పులో కాలేసేది ఆపేటప్పుడే. డ్రెయిన్ సప్లై బటన్ నొక్కగానే సున్నా అయిందనుకుంటారు, కానీ బోర్డు మీది పెద్ద కెపాసిటర్లలో చార్జ్ ఇంకా ఉంటుంది. అప్పుడే గేట్ తీసేస్తే ఆ చార్జ్ అంతా ట్రాన్సిస్టర్ గుండానే పోతుంది. డ్రెయిన్ దగ్గర మీటర్ పెట్టి వోల్టేజ్ పడిపోయిందని చూసుకున్నాకే గేట్ ముట్టుకోండి. తర్వాతి బోర్డులో ఈ క్రమాన్ని సర్క్యూటే చూసుకునేలా సీక్వెన్సర్ పెట్టేయండి.

ఆసిలేషన్ పోయాక మళ్లీ కొలవండి. కొలిచే ముందు కొలిచే సరంజామాను అనుమానించండి. 10 వాట్లంటే 40 డీబీఎమ్. చాలా ఎనలైజర్లు తట్టుకునేది 30 డీబీఎమ్, కాబట్టి మధ్యలో అటెన్యుయేటర్ పెట్టే ఉంటారు. దాని మీద 30 డీబీ అని ముద్రించి ఉన్నా 3.5 గిగాహెర్ట్జ్ దగ్గర కేబుల్‌తో కలిపి 30.4 ఉంటే, మీరు పవర్‌ను దాదాపు 10 శాతం తక్కువ చదువుతున్నట్టే. 44 శాతం అనుకున్నది 48 అవుతుంది. నెట్‌వర్క్ ఎనలైజర్‌తో ఆ దారి మొత్తాన్ని ఒకసారి కొలిచి రాసిపెట్టుకోండి. దీనికి పట్టే సమయం తక్కువ, తప్పించే తలనొప్పి ఎక్కువ.

అప్పటికీ పవర్ తక్కువే ఉంటే లోడ్ ఎటు తప్పిందో చెప్పే సులువైన పరీక్ష ఒకటుంది. బోర్డులో ఏమీ మార్చకుండా, డ్రైవ్ అలాగే ఉంచి, సప్లైని 28 నుంచి 24 వోల్టులకు దించండి. అవుట్‌పుట్ పవర్ పెద్దగా మారకుండా ఎఫిషియెన్సీ పెరిగితే, ట్రాన్సిస్టర్ కరెంట్ హద్దు దగ్గర ఆగుతోంది, వోల్టేజ్ పూర్తిగా ఊగడం లేదు. అంటే లోడ్ ఉండాల్సిన దానికంటే చిన్నది. పవర్ వోల్టేజ్ వర్గంతో పాటు పడిపోతే వోల్టేజ్ హద్దు తగులుతోంది, లోడ్ పెద్దదై ఉండొచ్చు. ఎటు వెళ్లాలో తెలిశాక రాగి రేకు ముక్కతో స్టబ్‌ను (మ్యాచింగ్ కోసం పక్కకు వేసిన ట్రాక్) పొడిగించి చూడటంలో అర్థం ఉంటుంది. అంతకుముందు చేస్తే చీకట్లో తడుముకోవడమే.

ట్రాన్సిస్టర్ కింద ఏముందో కూడా చూడండి. ఫ్లాంజ్ ఉన్న ప్యాకేజీ అయితే ఆ ఫ్లాంజే సోర్స్, అదే గ్రౌండ్. వేడి పోవాలని కింద థర్మల్ గ్రీజు రాసేవాళ్లు ఉన్నారు. మామూలు థర్మల్ గ్రీజు కరెంట్‌ను పోనివ్వదు కాబట్టి సోర్స్ గ్రౌండ్ చెడుతుంది. సోర్స్‌లో 0.1 నానోహెన్రీ చేరినా 3.5 గిగాహెర్ట్జ్ దగ్గర 2.2 ఓములు. గెయిన్ పడటానికి అది చాలు. సోల్డర్ చేయండి, లేదా ఇండియం రేకు వాడండి. మీ ప్రస్తుత బోర్డులో 6 వాట్లకు 13.6 వాట్లు తీసుకుంటున్నారు, అంటే 7.6 వాట్లు వేడిగా ట్రాన్సిస్టర్‌లోనే పోతున్నాయి. థర్మల్ రెసిస్టెన్స్ వాట్‌కు 8 డిగ్రీలనుకున్నా చానల్ కేస్ కంటే 60 డిగ్రీలు ఎక్కువ వేడిలో ఉంది. సిమ్యులేషన్‌లో ఉష్ణోగ్రత 25 దగ్గర వదిలేసి ఉంటే తేడాలో కొంత వాటా దానిది కూడా.

ఇప్పుడు సిమ్యులేటర్ మీద మీ అనుమానానికి వద్దాం. అది అబద్ధం చెప్పలేదు, మీరు అడిగినదానికే జవాబిచ్చింది. క్లాస్ ఎఫ్‌కు రెండో హార్మోనిక్ షార్ట్, మూడో హార్మోనిక్ ఓపెన్ కావాలి. మీ మూడో హార్మోనిక్ 10.5 గిగాహెర్ట్జ్. మామూలు మైక్రోవేవ్ బోర్డు మీద 3.5 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 50 మిల్లీమీటర్లు. అక్కడ ఒక మిల్లీమీటరు అంటే 7 డిగ్రీలు, మూడో హార్మోనిక్ దగ్గర 21 డిగ్రీలు, రిఫ్లెక్షన్ వెళ్లి రావాలి కాబట్టి 42 డిగ్రీలు. ట్రాన్సిస్టర్ లీడ్ ప్యాడ్ మీద ఎక్కడ మొదలవుతుందన్న విషయంలో మీ మోడల్‌కూ బోర్డుకూ ఒక మిల్లీమీటరు తేడా ఉంటే చాలు, ఓపెన్ అనుకున్నది ఓపెన్ కాకుండా పోతుంది. ఇంకో సంగతి, డ్రెయిన్ దగ్గర సొంత కెపాసిటెన్స్ 1.2 పీకోఫారడ్ ఉందనుకుంటే 10.5 గిగాహెర్ట్జ్ దగ్గర అది 13 ఓముల లోపే. దానికీ, బాండ్ వైర్లకూ అవతల కూర్చుని మీరు బయట ఎంత అందంగా హార్మోనిక్ నెట్‌వర్క్ కట్టినా లోపలికి చేరేది అంతంతమాత్రం. ప్యాకేజీలో ఉన్న ట్రాన్సిస్టర్‌తో ఈ ఫ్రీక్వెన్సీలో క్లాస్ ఎఫ్ కోసం పట్టుబట్టడం నాకు నచ్చదు. తర్వాతి బోర్డు డీప్ క్లాస్ ఏబీలో (క్లాస్ బికి దగ్గరగా బయాస్ చేసి) చేసి, రెండో హార్మోనిక్‌ను మాత్రం పట్టించుకోండి. క్లాస్ జె అనే పద్ధతి చూడండి. అందులో రెండో హార్మోనిక్‌కు కెపాసిటివ్ లోడే కావాలి, డివైస్ సొంత కెపాసిటెన్స్ అక్కడ సాయం చేస్తుంది. ఆదర్శంగా దాని ఎఫిషియెన్సీ క్లాస్ బితో సమానం, 78.5 శాతం.

ఆ బోర్డు వేసేటప్పుడు ఒక పని చేయండి. అవుట్‌పుట్ మ్యాచింగ్ నెట్‌వర్క్‌ను ఒక్కదాన్నే, ట్రాన్సిస్టర్ లేకుండా, అదే ప్యానెల్ మీద పక్కన ఇంకోసారి వేయించండి. అది ట్రాన్సిస్టర్ వైపు ఏ ఇంపెడెన్స్ చూపిస్తోందో నెట్‌వర్క్ ఎనలైజర్‌తో కొలిచి ఆ ఫైల్‌నే సిమ్యులేషన్‌లో పెట్టండి. మోడల్ తప్పా, లేఅవుట్ తప్పా అన్న వాదన అక్కడితో తెగిపోతుంది.

ఏసీఎల్ఆర్ గురించి. 5జీ బేస్ స్టేషన్లకు ఈ బ్యాండ్‌లలో మొబైల్ ప్రమాణాలు రాసే 3జీపీపీ అడిగేది 45 డీబీ. మీకు 28 వచ్చింది, 17 డీబీ లోటు. గాలియం నైట్రైడ్ చాలా ముందునుంచే మెత్తగా కంప్రెస్ అవడం మొదలుపెడుతుంది, కాబట్టి ముడి ఆంప్లిఫయర్‌లో ఇలాంటి అంకె వింత కాదు. ఆ లోటును పూడ్చేది డీపీడీ, అంటే డిజిటల్ ప్రీడిస్టార్షన్. ఆంప్లిఫయర్ వంకరను ముందే కొలిచి, సిగ్నల్‌ను ఎదురు వంకర తిప్పి పంపుతుంది. ఆ వంకర ఇప్పటి సిగ్నల్ మీదే ఆధారపడితే సవరించడం తేలిక. కొద్దిసేపటి క్రితం ఏం వచ్చిందన్నదాని మీద కూడా ఆధారపడితే, అంటే మెమరీ ఉంటే, కష్టమవుతుంది. ఆ మెమరీ పుట్టే చోట్లలో ముఖ్యమైనది మళ్లీ బయాస్ లైనే. 100 మెగాహెర్ట్జ్ వెడల్పున్న సిగ్నల్ ఇస్తే డ్రెయిన్ కరెంట్ కూడా ఆ వేగంతో ఊగుతుంది. ఆ ఫ్రీక్వెన్సీలకు సప్లై ఇంపెడెన్స్ ఎక్కువ ఉంటే డ్రెయిన్ వోల్టేజ్ కదిలిపోతుంది. మీ రెజొనెన్స్ 200 దగ్గర ఉందంటే 100 దగ్గరికే ఇంపెడెన్స్ ఎక్కడం మొదలై ఉంటుంది. రెండు టోన్లు ఇచ్చి వాటి మధ్య దూరాన్ని 1 మెగాహెర్ట్జ్ నుంచి పెంచుతూ పోండి. పై, కింది మూడో ఆర్డర్ గీతల (రెండు టోన్లు కలిసి తమకు అటూ ఇటూ పుట్టించేవి) ఎత్తులు ఒక చోట నుంచి విడిపోతే, మీ బయాస్ నెట్‌వర్క్ ఎంతవరకు పనిచేస్తుందో అక్కడే తెలుస్తుంది. ఆ కొలత చూపిస్తే మీ డీపీడీ వాళ్లు మీకు దండం పెడతారు.

ఇక మేనేజర్ మాట. ఆయన చెప్పింది తప్పు కాదు, తొందరపాటు. డోహర్టీ 1936లో బెల్ ల్యాబ్స్‌లో ఏఎమ్ బ్రాడ్‌కాస్ట్ ట్రాన్స్‌మిటర్ల కోసం ఈ పద్ధతి కనిపెట్టారు. సగటు కంటే పీక్ చాలా ఎత్తుగా ఉండే సిగ్నల్ అన్న సమస్య అప్పుడూ ఇదే. మెయిన్ ఆంప్లిఫయర్‌కు తక్కువ పవర్ దగ్గర రెట్టింపు లోడ్ చూపిస్తే, అది పీక్‌కు 6 డీబీ కిందే పూర్తి వోల్టేజ్ ఊపు అందుకుంటుంది. ఆ పైన పీకింగ్ ఆంప్లిఫయర్ మేలుకుని, క్వార్టర్ వేవ్ లైన్ ద్వారా మెయిన్‌కు కనిపించే లోడ్‌ను తగ్గిస్తుంది. ఆదర్శంగా 6 డీబీ కింద కూడా 78.5 శాతం. మీ 18 శాతం సమస్యకు సరైన జవాబు చివరికి ఇదే. ఎన్వలప్ ట్రాకింగ్ అని కూడా ఒకటుంది గానీ, 100 మెగాహెర్ట్జ్ వేగంతో సప్లైని ఊపడం ఇప్పుడు మీరు నెత్తికెత్తుకోవాల్సిన పని కాదు.

కాకపోతే డోహర్టీలో ఇలాంటి ఆంప్లిఫయర్లు రెండు ఉంటాయి. పీకింగ్‌ది క్లాస్ సి బయాస్ (చిన్న సిగ్నల్‌కు మూసుకునే ఉండేది), అది మూసుకుని ఉన్నప్పుడు కలిసే బిందువు దగ్గర ఓపెన్‌లా కనిపించాలి, తెరుచుకున్నాక మెయిన్‌తో ఫేజ్ కలవాలి. ఒకదాన్నే అదుపులో పెట్టలేని బయాస్ నెట్‌వర్క్‌ను రెండింటికి కాపీ చేస్తే తప్పు ఎక్కడుందో వెతకడానికి కూడా దారి ఉండదు. అందుకని ఆయనకు ఇలా చెప్పండి: ఈ బోర్డు మీదే బయాస్ సరిచేసి, 8 డీబీ కింద ఎఫిషియెన్సీ, టోన్ల దూరంతో మూడో ఆర్డర్ గీతలు ఎలా మారుతున్నాయన్నది కొలిచి ఇస్తాను, తర్వాతి బోర్డు క్లాస్ ఏబీ, దానిలోని సెల్‌నే డోహర్టీలో మెయిన్‌గా వాడతాను. ఆయన అడిగిన చోటికే వెళ్తున్నారు కాబట్టి ఒప్పుకోవడానికి ఇబ్బంది ఉండదు. ఈలోగా కొత్త ట్రాన్సిస్టర్లు నాలుగైదు ఎక్కువే తెప్పించుకోండి, ఇంకోటి రెండు కాలడం ఖాయం.